పప్పు లోపలుంది

ఆ ఉదయం మనోజ్ఞ అనుకున్నది చాలా చిన్న పని. మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, కాస్త పెరుగు. ఆమె మస్కట్ వచ్చాక మొదటిసారిగా సాయి కిరణ్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తానన్నాడు. ఘాలాలో ఉన్న ఆఫీసు నుంచి రూవిలో నాలుగో అంతస్తులో ఉన్న ఫ్లాటుకి ఆ ఎండలో పడి వచ్చేవాడికి పప్పయినా రుచిగా ఉండాలని ఆమె పట్టుదల. వచ్చి వారం కాలేదు. సూట్‌కేసుల్లో సగం సామాను ఇంకా అలాగే ఉంది. పాలకొల్లు నుంచి కుక్కర్ వచ్చింది గానీ దాని గాస్కెట్ రాలేదు. అందుకని కందిపప్పు మామూలు గిన్నెలోనే పొయ్యి మీద పెట్టింది.

సాయి కిరణ్ గుమ్మంలో బూట్ల లేసులు కట్టుకుంటూ, "చెత్త సాయంత్రం నేను పారేస్తాలే. తలుపుతో మాత్రం జాగ్రత్త. మూసుకుందంటే దానంతటదే లాక్ పడిపోతుంది," అన్నాడు.

"ఎన్నిసార్లు చెబుతారండీ," అంది మనోజ్ఞ.

నిజంగానే చాలాసార్లు చెప్పాడు. ఆ వారమంతా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది తలుపు గురించి, ఏసీ గురించి, కరివేపాకు ఏ కొట్లో దొరుకుతుందన్న దాని గురించి. మాట్లాడుకోవాల్సింది ఇంకొకటి ఉంది. దాని జోలికి ఇద్దరూ వెళ్ళలేదు.

అతను వెళ్ళిన కాసేపటికి చెత్త సంచి వాసన కొట్టడం మొదలుపెట్టింది. గుమ్మం బయట పెట్టేద్దామని మనోజ్ఞ ఒక్క అడుగు అవతలికి వేసింది. బాల్కనీ తలుపు తీసే ఉంది. సముద్రం వైపు నుంచి ఎటు తిరిగి వచ్చిందో గాని, ఒక గాలి విసురు ఇల్లంతా దాటుకుని వచ్చి ఆమె వెనక తలుపును దభాలున మూసింది.

నైటీ, భుజాన తువ్వాలు, కాళ్ళకు చెప్పుల్లేవు. తాళంచెవి లోపల, ఫోను లోపల, పప్పు లోపల. భర్త కొత్త నంబరు ఆ ఫోనులోనే ఉంది. ఆమెకు కంఠతా వచ్చింది అతని పాత ఇండియా నంబరు. అది పనిచేయడం మానేసి చాలా కాలమైంది.

పక్క ఫ్లాట్ల బెల్లు నొక్కింది. అందరూ డ్యూటీలకు పోయినట్టున్నారు, ఎవరూ పలకలేదు. కిందికి దిగితే వాచ్‌మన్ ఫర్హాన్ కుర్చీ ఖాళీగా ఉంది. మళ్ళీ పైకి వస్తుంటే మొదటి అంతస్తులో ఒక ఇంటి తలుపు బార్లా తీసి కనిపించింది. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఏదో పేరంటం కాబోలు, ఆడవాళ్ళుంటారు కదా అని లోపలికి నడిచింది.

అది పేరంటం కాదు. రూవిలో ఎన్నో ఏళ్ళు టైలర్ దుకాణం నడిపిన ఆ ఇంటి పెద్దాయన మొన్ననే పోయాడు. ఆ రోజు మూడో రోజు, పోయినవాళ్ళ కోసం దువాలు చదివే జియారత్. ముందు గదిలో మగవాళ్ళు, లోపలి హాల్లో ఆడవాళ్ళు. నేల మీద తెల్ల దుప్పటి పరిచి, మధ్యలో చింతగింజలు కుప్ప పోశారు. ఒక్కో దువా చదివి ఒక్కో గింజ పక్కకు జరుపుతున్నారు. పెదవులు కదలడమే గాని ఎక్కడా మాట లేదు.

మనోజ్ఞ నోరు తెరిచేలోపే ఒకావిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంకొకావిడ ఆమె నైటీ మీద నల్లటి దుపట్టా కప్పింది. మూడో ఆవిడ దోసిట్లో గుప్పెడు చింతగింజలు పోసింది. పరాయి చావింట్లో కూర్చుని ఏం చేయాలో తోచక, మర్యాద కోసం మనోజ్ఞ రెండు గింజలు పక్కకు జరిపింది కూడా. అప్పుడు పైన పొయ్యి గుర్తొచ్చి గబుక్కున పక్కకు తిరిగింది.

పక్కన కూర్చున్నది ఆ ఇంటి కోడలు తయ్యబా. మస్కట్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు ముక్క రాదు. మనోజ్ఞకు హిందీ పదో తరగతి పాసయ్యేటంత వచ్చు. ఆ వచ్చిందంతా కూడగట్టుకుని గుసగుసగా చెప్పింది.

"దర్వాజా బంద్. పప్పు అందర్ హై. ఆగ్ పే పప్పు."

దాల్ అనే మాట ఆమెకు తెలియక కాదు. ఆ క్షణాన నోటికి రాలేదు, అంతే. తలుపు పడిపోయింది, పప్పు లోపల మంట మీద ఉంది అని చెప్పేశాననే అనుకుంది. కానీ ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పప్పు అంటే తినేది కాదు. ముద్దుగా పిలుచుకునే మగపిల్లాడు.

తయ్యబా మొహంలో రంగు మారింది. "పప్పు అకేలా హై?"

ఒంటరిగా ఉందా అని అడుగుతోంది. ఇంట్లో ఎవరూ లేరు కదా. మనోజ్ఞ తలూపింది.

"కిత్నా బడా హై?"

ఎంత పెద్దది అంటే గిన్నె గురించే అయి ఉంటుందనుకుంది. రెండు అరచేతులూ ఎదురెదురుగా పట్టి కొలత చూపించింది. "చోటా," అంది. ఇంకా స్పష్టంగా ఉంటుందని, "గ్యాస్ ఆన్," అని కూడా చేర్చింది.

ఆ రెండు చేతుల మధ్య పసిబిడ్డ ఒకడు సరిగ్గా సరిపోతాడు.

తయ్యబా చేతిలోని గింజలు జారిపోయాయి. పరదా కూడా చూసుకోకుండా మగవాళ్ళ గదిలోకి పరుగెత్తింది. మరుక్షణం ఆమె భర్త అజ్మత్, అతని వెనక పదిమంది మగవాళ్ళు, ఉత్త కాళ్ళతో మెట్లెక్కి పైకి పరుగులు తీశారు. ఒక గిన్నెడు పప్పు కోసం ఇంతమంది చావింట్లోంచి లేచి పరుగెత్తడం చూసి మనోజ్ఞకు కళ్ళు చెమర్చాయి. పాలకొల్లులో ఇలా ఎవరూ పరుగెత్తరు.

నాలుగో అంతస్తులో తలుపు కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. అంతవరకూ ఎవరికైనా అనుమానం ఉంటే అది కాస్తా తీరిపోయింది. ఒకరు ఫైరింజన్‌కి ఫోన్ చేశారు. "గ్యాస్ ఆన్" అన్న మాట మెట్లు దిగేసరికి "గ్యాస్ లీక్" అయింది. టీ తాగడానికి పోయిన ఫర్హాన్ వచ్చి విషయం విని, ప్రతి అంతస్తుకూ ఎక్కి తలుపులన్నీ బాదాడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న బ్యాచిలర్లు లుంగీలతో దిగారు. జియారత్‌కి వచ్చినవాళ్ళు చేతుల్లో పవిత్ర గ్రంథాలు పట్టుకునే దిగారు. భర్త పోయిన ఆడది గడప దాటకూడదన్న నియమంలో ఉన్న ఆ ఇంటి పెద్దావిడ సర్వరీ బేగాన్ని కూడా కుర్చీతో సహా కిందికి దించి, కిరాణా కొట్టు నీడలో కూర్చోబెట్టారు.

సరిగ్గా అప్పుడే జియారత్ భోజనాల వ్యాను సందులోకి తిరిగింది. దాని వెనకే ఫైరింజన్ వచ్చి హారన్ కొట్టింది. వ్యాను డ్రైవరు తల బయట పెట్టి, బగారా అన్నం, దాల్చా ఏ అంతస్తుకి ఎక్కించాలని అగ్నిమాపక అధికారినే అడిగాడు. ఆ అధికారి ఇచ్చిన జవాబు అరబ్బీలో ఉండటం వల్ల చాలామందికి అర్థం కాలేదు. డ్రైవరుకు మాత్రం అర్థమైంది. వ్యాను వెనక్కి తీశాడు.

ఈ గొడవలోనే ఫర్హాన్ ఘాలాకి ఫోన్ చేశాడు.

సాయి కిరణ్ అల్యూమినియం కిటికీల కొలతల మీద మీటింగులో ఉన్నాడు. "సాబ్, మీ ఇంట్లో మంటలు. మీ అబ్బాయి లోపల ఉన్నాడు," అని ఫర్హాన్ హిందీలో చెప్పాడు.

సాయి కిరణ్‌కు అబ్బాయి లేడు. ఆ ఏడాది శివరాత్రికి ముందు, నెలలన్నీ నిండాక, పాలకొల్లు ఆసుపత్రిలో ఒక కొడుకు పుట్టాడు. పుట్టినవాడు ఏడవలేదు. మనోజ్ఞకు మత్తు వదిలేలోపే సాయి కిరణ్, అతని తల్లి కలిసి బిడ్డను తీసుకుపోయి మట్టి చేసి వచ్చారు. చూస్తే బెంగ పెట్టుకుంటుందని. ఆమె ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల లేదు, డబ్బాలు లేవు, ఏమీ లేవు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అన్నారు, చిన్నవాళ్ళు కదా, మళ్ళీ పుడతారు అని. ఆమె ఏడవబోతే ఊరుకోబెట్టారు. చోటు మారితే సర్దుకుంటుందని పెద్దవాళ్ళు తేల్చారు. అలా ఆమె ఒమాన్ వచ్చింది.

ఇప్పుడు ఫోనులో ఫర్హాన్ మాటకు, మాకు పిల్లల్లేరు భాయ్, నువ్వేదో పొరపాటు పడ్డావు అని సాయి కిరణ్ చెప్పాలి. నోరు తెరిచాడు. అతని నోట్లోంచి వచ్చిన మాట అది కాదు.

"బాబు ఎలా ఉన్నాడు?" అని హిందీలో అడిగాడు.

తెలియదు సాబ్ అని ఫర్హాన్ ఫోన్ పెట్టేసి, తండ్రి బిడ్డను అడుగుతున్నాడని అందరికీ చెప్పాడు. దాంతో లోపల బిడ్డ ఉన్నాడన్నది రూఢి అయిపోయింది.

కంపెనీ కారు తీసింది ఆఫీసులో పనిచేసే కడప అబ్బాయి అర్ఫాత్. సగం దూరం వచ్చాక, "నీకు కొడుకుండాడని మాకు చెప్పనే లేదే భాయ్," అన్నాడు.

"చెప్పలేదు," అన్నాడు సాయి కిరణ్.

ఇక్కడ రూవిలో ఫైరింజన్ వాళ్ళు తలుపు బద్దలుకొట్టారు. లోపల మంటల్లేవు. గిన్నె ఒకటి నల్లగా మాడి, పక్కనే ఉన్న గుడ్డ అంటుకుని పొగ చిమ్ముతోంది. నిమిషంలో ఆర్పేశారు. కానీ పిల్లాడు కనిపించలేదు. మంచం కింద చూశారు. బాత్రూంలో చూశారు. బట్టల అలమరా తెరిచి, సూట్‌కేసులు బోర్లించారు. పొగకు భయపడి పాకుతూ పోయాడేమోనని ఇద్దరు డాబా మీదికి కూడా వెళ్ళారు.

కింద మనోజ్ఞ చుట్టూ ఆడవాళ్ళు మూగి ఉన్నారు. ఒకరు వీపు రాస్తున్నారు, ఒకరు నీళ్ళు తాగిస్తున్నారు, ఒకరు ఏదో చదివి నెత్తిన ఊదుతున్నారు. నేను బాగానే ఉన్నానని ఆమె తెలుగులో ఎంత చెప్పినా పట్టు వదలడం లేదు. తయ్యబా ఆమె గడ్డం పట్టుకుని, "ఫికర్ నక్కో. బచ్చా మిల్ జాయేగా," అంది.

బచ్చా అన్న మాట మనోజ్ఞకు తెలుసు. మిల్ జాయేగా కూడా తెలుసు. బిడ్డ దొరుకుతాడు. పప్పు ఏమైందో, ఇంతమంది ఎందుకు పరుగెత్తారో అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. కాదని చెప్పాలి. వెంటనే చెప్పాలి. తల ఎత్తి చూసింది. నాలుగో అంతస్తు బాల్కనీలో హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు అటూ ఇటూ తిరుగుతూ ఆమె కొడుకు కోసం వెతుకుతున్నారు. వాడి కోసం ఇంతవరకూ ఎవరూ ఏమీ వెతకలేదు. ఇంకొక్క నిమిషం వెతకనీ అనిపించింది. చెప్పకుండా ఊరుకుంది.

అధికారి మెట్లు దిగి వచ్చాడు. అతని చేతిలో ఒక చిన్న జుబ్బా ఉంది. పాత నేత చీర చింపి, కుట్లు గుచ్చుకోకుండా తిరగేసి కుట్టిన పురిటి జుబ్బా. అత్తగారు ఇల్లంతా ఖాళీ చేసినప్పుడు ఆసుపత్రి సంచిలో మిగిలిపోయిన దాన్ని మనోజ్ఞ చీరల మడతలో దాచుకుంది. భర్తకు కూడా తెలియకుండా సూట్‌కేసు అడుగున పెట్టుకుని తెచ్చుకుంది. ఇదిగో పిల్లాడి చొక్కా, పిల్లాడెక్కడ అని అధికారి అడుగుతున్నాడు. అజ్మత్ దాన్ని ఉర్దూలోకి మార్చి అడిగాడు.

మనోజ్ఞ ఆ జుబ్బా అందుకుని రోడ్డు మీదే కూలబడింది. ఆసుపత్రిలో రాని ఏడుపు, ఇంట్లో రానివ్వని ఏడుపు, అప్పుడొచ్చింది. ఊరుకో అని ఎవరూ అనలేదు. పక్కనున్న ఆడవాళ్ళు ఆమెను ఆపకపోగా తామూ ఏడవడం మొదలుపెట్టారు.

సర్వరీ బేగం కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఆమె మెట్టింది హైదరాబాదైనా పుట్టింది జగిత్యాల.

"ఎంత పిలగాడు బిడ్డా?" అని తెలుగులో అడిగింది.

ఆ వీధిలో తెలుగు వినబడటంతో మనోజ్ఞ తల ఎత్తింది. "వయసు లేదమ్మా. పుట్టాడు గాని ఏడవలేదు. నేను చూడకుండానే తీసుకుపోయారు."

"ఎప్పుడాయె?"

"శివరాత్రి ముందు."

ముసలామె ఆమె తల నిమిరింది. తరువాత మెల్లిగా అడిగింది. "మరి లోపట ఉన్న పప్పు ఎవరు బిడ్డా?"

"కందిపప్పమ్మా," అంది మనోజ్ఞ వెక్కిళ్ళ మధ్య. "మామిడికాయ వేద్దామని."

సర్వరీ బేగం కొడుకు వైపు తిరిగింది. "అజ్మత్, ఈ పిల్ల పప్పు బోలే తో దాల్ రే," అంది.

ఆ మాట అజ్మత్ నుంచి ఫర్హాన్‌కి, ఫర్హాన్ నుంచి బ్యాచిలర్లకు, అక్కడి నుంచి వ్యాను డ్రైవరు దాకా పోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు. మెట్లన్నీ ఎక్కి దిగిన ఫర్హాన్ మోకాలు పట్టుకుని ఫుట్‌పాత్ మీద చతికిలబడ్డాడు. అజ్మత్ అధికారిని పక్కకు పిలిచి అరబ్బీలో అంతా చెప్పాడు, పప్పు సంగతీ, బిడ్డ సంగతీ. అధికారి కోపగించుకుంటాడని అందరూ ఎదురుచూశారు. అతను హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు.

సాయి కిరణ్ కారు దిగింది అప్పుడే. జనాన్ని తోసుకుని వచ్చి, భార్య ఒళ్ళో ఉన్న జుబ్బాను చూసి ఆగిపోయాడు. దాన్ని అతను గుర్తుపట్టాడు. ఆ పాత చీర అతని తల్లిదే. ఏమైందని ఎవరినీ అడగలేదు. అధికారి అతని చెయ్యి పట్టుకుని అరబ్బీలో ఏదో అన్నాడు.

"నీ కొడుకు పోయినందుకు బాధపడుతుండు," అని సర్వరీ బేగం తెలుగులో చెప్పింది. "దేవుడు నీకు ఓర్పు ఇయ్యాలె అంటుండు."

సాయి కిరణ్‌తో ఆ మాట అన్న మొదటి మనిషి ఆ అధికారే. సాయి కిరణ్ అతని చెయ్యి వదలలేదు. అధికారి కూడా లాక్కోలేదు. ఇంకో పిలుపు ఏదో వచ్చి ఫైరింజన్ వెళ్ళాల్సి వచ్చేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

"ఇగ లోపలికి రాండ్రి," అంది సర్వరీ బేగం ఇద్దరితోనూ. "మీ ఇంట్ల వంట లేదు గద. తినిపోదురు."

మనోజ్ఞను ఆడవాళ్ళ హాల్లోకి తీసుకుపోయారు. సాయి కిరణ్ మగవాళ్ళ గదిలో అజ్మత్ పక్కన కూర్చున్నాడు. వచ్చిన ప్రతివాడూ అజ్మత్‌ను కౌగిలించుకుని తండ్రి కోసం రెండు మాటలు చెప్పి, ఆపైన ఇతన్ని కూడా కౌగిలించుకుని కొడుకు కోసం రెండు మాటలు చెప్పి కూర్చున్నాడు. అన్నం ముందుకొచ్చేసరికి పాలకొల్లు నుంచి ఫోన్ మోగింది. రూవిలో తెలుగువాళ్ళ పిల్లాడు మంటల్లో చిక్కుకున్నాడన్న వార్త మస్కట్ తెలుగు గ్రూపులోంచి సముద్రం దాటి, అతని తల్లి మంగళను చేరుకుంది.

"ఒరేయ్, నీ పేరు చెప్పి ఎవడో పిల్లాడంటున్నారు. ఎవర్రా వాడు?" అంది ఆవిడ కంగారుగా.

"నీ మనవడేనమ్మా," అన్నాడు సాయి కిరణ్. "మనం తీసుకుపోయినవాడే."

అటువైపు ఆవిడ ఏడవడం వినిపించింది. ఆ విషయంలో ఆవిడ ఏడవగా అతను వినడం అదే మొదలు. కాసేపటికి ముక్కు చీదుకుని, "మనోజ్ఞకి ఒకసారి ఇవ్వు," అంది.

"లోపల తింటోందమ్మా. తిన్నాక చేయిస్తాను."

భోజనాలయ్యాక ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్ళారు. తలుపు ఒక బందు మీద వేలాడుతోంది. ఇక మూద్దామన్నా మూసుకోదు. ఇల్లంతా మాడు వాసన. బట్టలన్నీ నేల మీద ఉన్నాయి. మనోజ్ఞ వాటి మధ్యే కూర్చుని జుబ్బాను మోకాలి మీద పరిచి మడతలు సరిచేస్తోంది. సాయి కిరణ్ ఎదురుగా కూర్చున్నాడు.

"నేను చూశాను వాణ్ణి," అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి. "ఎలా ఉన్నాడండీ?"

"జుట్టు ఒత్తుగా ఉంది. చెవులు నీవి. గడ్డం మీద చిన్న నొక్కు ఉంది, మా నాన్నకున్నట్టు." తన గడ్డం మీద వేలు పెట్టి చూపించాడు. "గుప్పిళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను విప్పబోయాను. అమ్మ వద్దంది."

"రంగు?"

"నీ అంతే."

ఆమె ఇంకా చాలా అడిగింది. అతను తనకు గుర్తున్నదంతా చెప్పాడు. గుర్తులేని చోట గుర్తులేదని చెప్పాడు. తలుపు పడని ఆ ఇంట్లో ఇద్దరూ ఏడుస్తుంటే కింద నుంచి ఎవరూ పైకి రాలేదు, తయ్యబా మెట్ల దగ్గర నిలబడి అందరినీ ఆపిందని తరువాత తెలిసింది.

సర్వరీ బేగం చెప్పిన అసలు సంగతి ఆ భవనంలో వాళ్ళకే తెలిసింది. సందు చివర కూరగాయలవాళ్ళకు, ఇస్త్రీ బండి దగ్గర, రొట్టెల కొట్లో మాత్రం సగమే చేరింది. వాళ్ళంతా అప్పటి నుంచి మనోజ్ఞ కనబడితే గౌరవంగా పక్కకు జరిగి, "సలాం, పప్పూ కీ అమ్మా," అని పలకరిస్తారు. అది కందిపప్పని ఆమె ఎవరికీ చెప్పలేదు.